బాలింత కంచంలో కోత, పసిబిడ్డ నోట్లో అదనం

కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను చూసుకోవడంలో నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్ళల్లో శ్రద్ధకు లోటుండదు. వేణ్ణీళ్ళు కాచేవాళ్ళు ఒకరు, కాయం దంచేవాళ్ళు ఒకరు, బిడ్డకు నూనె రాసి నలుగు పెట్టేవాళ్ళు ఒకరు. ఆ శ్రద్ధ ఎటు పోతోందో మాత్రం ఒకసారి చూడాలి. కాన్పయిన తల్లి కంచంలోంచి పప్పు పోతుంది, కూరలు పోతాయి, చివరికి మంచినీళ్ళు కూడా కొలిచి ఇస్తారు. పుట్టిన బిడ్డ నోట్లోకి మాత్రం తేనె, పంచదార నీళ్ళు, ఆముదం, వస, గాడిద పాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరతాయి. ఆ ఇద్దరి శరీరాలు అడిగేది సరిగ్గా దీనికి తలకిందులు. తల్లికి ఇంకా పెట్టాలి, బిడ్డకు తల్లి పాలు తప్ప ఏమీ పెట్టకూడదు.

మందులు, ఆపరేషన్లు మరీ ఎక్కువయ్యాయని విసిగి చాలామంది మళ్ళీ సహజ పద్ధతుల వైపు చూస్తున్నారు. ఆ విసుగుకు కారణం లేకపోలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 42 శాతం కాన్పులు సిజేరియన్లే. అయితే సహజం పేరుతో ఇళ్ళల్లోకి వస్తున్నవన్నీ ఒక్క రకం కావు. గట్టి రుజువున్న పద్ధతులు చాలావరకు పైసా ఖర్చు లేనివి. వాటిని అమ్మేవాళ్ళు లేరు కాబట్టి చెప్పేవాళ్ళూ తక్కువే. డబ్బు పెట్టి కొనే కుంకుమపువ్వు, గాడిద పాలు, రకరకాల చుక్కల మందుల వెనక ఉన్న రుజువు చాలా తక్కువ.

ముందు నీళ్ళ సంగతి

ప్రకృతిలోంచి వచ్చిందంతా మంచిదే అనుకోవడానికి ఈ ప్రాంతంలో మొదటి అడ్డంకి భూగర్భ జలం. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే జబ్బును, శాస్త్రీయంగా గుర్తించి రాసిన తొలి నివేదిక 1937 నాటిది, అది అప్పటి నెల్లూరు జిల్లా గురించే. మనుషుల కంటే ముందు ఎద్దులు నడవలేక కూలబడటం రైతులు గమనించారు. ఆనాటి నెల్లూరు జిల్లాలో ఉన్న కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు 1970లో కొత్త జిల్లాలోకి, అంటే ఇప్పుడు ప్రకాశం అని పిలుస్తున్న జిల్లాలోకి వెళ్ళాయి. ఎల్లలు మారినా కింద ఉన్న రాయి మారలేదు. ఆ రాతిలోంచి కరిగి నీళ్ళలో కలిసే ఫ్లోరైడ్ పూర్తిగా సహజమైనదే. రంగు ఉండదు, వాసన ఉండదు, మామూలుగా ఉండే మోతాదులో రుచికీ తెలియదు. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పనికిరాదని ప్రమాణాలు చెబుతున్నాయి.

ఫ్లోరోసిస్ అనగానే గార పట్టిన పళ్ళు, వంగిన కాళ్ళు గుర్తొస్తాయి. గర్భిణికి జరిగే నష్టం అలా పైకి కనపడదు. ఎక్కువ ఫ్లోరైడ్ పేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది, దాంతో తిన్న ఇనుము ఒంటికి పట్టదు. ఢిల్లీలో ఫ్లోరోసిస్‌పై దశాబ్దాల పాటు పనిచేసిన శాస్త్రవేత్త ఎ.కె. సుశీల, ఆమె బృందం గర్భిణులతో చేసిన అధ్యయనంలో నీళ్ళనూ తిండినీ మార్చి ఫ్లోరైడ్ తగ్గించినప్పుడు హిమోగ్లోబిన్ పెరిగింది, తక్కువ బరువుతో పుట్టే పిల్లలు తగ్గారు. నెలల తరబడి ఐరన్ మాత్రలు మింగుతున్నా రక్తం పెరగని గర్భిణి పశ్చిమ ప్రకాశంలో కనపడితే, మాత్రలు సరిగ్గా వేసుకోవట్లేదని ఆమెను కోప్పడే ముందు ఏ నీళ్ళు తాగుతోందో అడగాలి.

ఇక్కడే ఒక మంచి అలవాటు ఎదురు తిరుగుతుంది. గర్భిణికి నీళ్ళు కాచి చల్లార్చి ఇవ్వడం పెద్దల జాగ్రత్త. మురికి నీటికి, విరేచనాలు తెచ్చే క్రిములకు అది సరైన పనే. ఫ్లోరైడ్ మాత్రం మరిగితే పోదు. నీళ్ళు ఆవిరై తగ్గే కొద్దీ మిగిలిన నీళ్ళలో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. రాగి బిందెలో రాత్రంతా ఉంచిన నీళ్ళలో కొన్ని రకాల బ్యాక్టీరియా చస్తాయని పరీక్షల్లో తేలింది, అంతవరకు నిజమే, దానికీ ఫ్లోరైడ్‌కూ సంబంధం లేదు. ఫ్లోరైడ్ తీసేది ఆర్‌వో ప్లాంటు. లేదా సాగర్ నీళ్ళలాంటి ఉపరితల జలం వాడుకోవాలి, వాన నీళ్ళు పట్టుకోవాలి.

క్యాన్ నీళ్ళు కొంటున్న ఇళ్ళల్లో కూడా ఒక పొరపాటు జరుగుతోంది. తాగడానికి క్యాన్, వంటకు బోరు. అన్నం, పప్పు, సంగటి, జావ, టీ అన్నీ నీళ్ళు పీల్చుకునేవే. పప్పు ఉడికేటప్పుడు కుక్కర్‌లో పోసిన నీళ్ళు పారబోయం కదా, అన్నీ కడుపులోకే. గర్భిణి ఉన్న ఇంట్లో కనీసం ఆమె తినే అన్నం, పప్పు, జావ తాగేనీటితో వండితే నెలకు కొన్ని క్యాన్ల ఖర్చు పెరుగుతుంది. అంతకు మించిన ఫలితం ఇచ్చే టానిక్ ఆ ఇంటికి దొరకదు.

రక్తం ఎక్కడ పట్టుకుంటుంది

పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే రాష్ట్రంలోని గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. పైకి కనపడే గుర్తు ఒకటుంది, అది చాలాసార్లు నవ్వులాటగా పోతుంది. కొందరు గర్భిణులు పచ్చి బియ్యం నములుతారు, బలపాలు తింటారు, వాన పడ్డప్పుడు వచ్చే మట్టి వాసనకు నోరూరుతుందంటారు. వేవిళ్ళ కోరికని వదిలేస్తారు ఇంట్లోవాళ్ళు. ఒంట్లో ఇనుము తగ్గినప్పుడు ఇలాంటి కోరికలు పుట్టడం వైద్యంలో బాగా తెలిసిన లక్షణం. బలపం ముక్క కనపడితే ఏఎన్‌ఎంకు చెప్పి రక్తపరీక్ష చేయించాలి.

గర్భిణికి రోజుకు 27 మిల్లీగ్రాముల ఇనుము కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సు. మునగాకు, తోటకూర, సజ్జలు, అలసందలు, ఉలవలు వీటిలో ఇనుము ఉంది, కానీ ఆకుల్లో గింజల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టేది కొద్దిగానే. దాన్ని పెంచేది విటమిన్ సి. పొదలకూరు, గూడూరు వైపు నిమ్మతోటలకు దేశమంతా పేరు, లారీలకు లారీలు ఇక్కడి నుంచే బయటి రాష్ట్రాలకు పోతాయి. అదే నిమ్మకాయ అర చెక్క పప్పన్నంలో పిండుకుంటే అందులో ఇనుము పట్టడం బాగా పెరుగుతుంది. పిండేది పొయ్యి మీంచి దించాక, వీలైతే కంచంలోనే. మరిగితే విటమిన్ సి తగ్గిపోతుంది. తోడుగా ఒక జామకాయ తిన్నా అంతే మేలు.

దీన్ని పాడుచేసేది టీ. అన్నం తిన్న వెంటనే తాగిన గ్లాసుడు టీ ఆ భోజనంలోని ఇనుమును చాలావరకు పట్టనివ్వదు. టీ ఆకులోనే ఫ్లోరైడ్ కూడా ఉంటుంది, కాబట్టి కనిగిరి వైపు ఇది రెండు విధాలా నష్టం. మానలేనివాళ్ళు భోజనానికీ టీకీ గంటైనా ఎడం ఉంచుకోవాలి. కాల్షియం మాత్ర కూడా ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకూడదు, మధ్యలో రెండు గంటలు ఉండాలి.

బెల్లం మీద నమ్మకం గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. బెల్లంలో, తాటిబెల్లంలో ఇనుము ఉన్న మాట నిజం. అయితే ప్రభుత్వం ఇచ్చే ఒక్క ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. అంత ఇనుము బెల్లంతోనే రావాలంటే రోజుకు అర కిలోకు పైగా తినాలి. గర్భంలో వచ్చే షుగర్ ఇంతగా పెరుగుతున్న రోజుల్లో అది ప్రమాదం. చిక్కీ, ఖర్జూరం, సున్నుండ తిండిగా మంచివే, మాత్ర చేసే పని అవి చేయలేవు. నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పయ్యాక మళ్ళీ 180 రోజులు వేసుకోమనేది అందుకే. మాత్రకు విరేచనం నల్లగా అవుతుంది, అది చూసి బిడ్డ నల్లగా పుడుతుందని మానేసేవాళ్ళున్నారు. ఆ నలుపు పేగులో మిగిలిన ఇనుముది. బిడ్డ రంగు తల్లిదండ్రుల జన్యువుల నుంచి వస్తుంది, కుంకుమపువ్వు పాలకూ దానికీ పొత్తు లేదు. ఆ కుంకుమపువ్వు డబ్బులతో నెల రోజులు రోజుకో గుడ్డు వస్తుంది.

బొప్పాయి, నువ్వుల భయం సంగతి క్లుప్తంగా. పచ్చి బొప్పాయి పాలలో గర్భసంచిని ముడుచుకునేలా చేసే గుణం ఉన్నట్టు ఎలుకలపై చేసిన పరీక్షల్లో కనిపించింది, బాగా పండినదానితో అలా జరగలేదు. కాబట్టి కాయను వదిలేయడంలో అర్థం ఉంది. కూరలో, పొడిలో వేసే నువ్వుల్ని మానాల్సిన పని లేదు. వాటిలో కాల్షియం పుష్కలం, కాల్షియం తక్కువైన ఒంట్లో ఫ్లోరైడ్ చేసే నష్టం ఎక్కువ. ఆ లెక్కన రాగులు కూడా ఇక్కడి గర్భిణికి మంచి తిండే. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం పల్చటి రాగిజావను మందులా తాగకూడదు, మెత్తగా పిండి పట్టి కాచిన జావ రక్తంలో చక్కెరను త్వరగానే పెంచుతుంది. వేవిళ్ళకు అల్లం పనిచేస్తుందని మంచి రుజువుంది. మెంతులు, శొంఠి తాలింపులో పొడిలో పడేంత వాడితే ఇబ్బంది లేదు. భస్మాలు కలిసిన మందులు గర్భిణి దగ్గరికి రానీయకూడదు. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంత దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. సీసం కడుపులోని బిడ్డ మెదడుకు చేసే హాని తిరిగి సరిచేయలేనిది.

చేప ఏది, ఎంత

తీరం వెంట బతికే ఊళ్ళకు చేప ఒక వరం. బిడ్డ మెదడు, కంటిచూపు ఎదగడానికి కావలసిన కొవ్వులు చేపల్లో ఉంటాయి. తోడు మంచి మాంసకృత్తులు, పైగా సులువుగా పట్టే ఇనుము. నీచు వాసనకు కడుపులో తిప్పే మొదటి నెలలు దాటాక వారానికి రెండు మూడు సార్లు తినొచ్చు. నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు లాంటి చిన్న చేపల్లో పాదరసం తక్కువ. ధర కూడా తక్కువే.

బాలింతకు పాల సొరచేప పెట్టడం కోస్తా అంతటా ఉన్న అలవాటు. జువ్వలదిన్నె నుంచి కొత్తపట్నం దాకా ఒడ్డున చిన్న సొరపిల్ల దొరికితే బాలింత ఉన్న ఇంటికి పంపిస్తారు. ముళ్ళు ఏరి, ఉడకబెట్టి, చిదిమి, వెల్లుల్లి దండిగా వేసి పొడిపొడిగా వేపుతారు. దాంతో పాలు పడతాయని నమ్మకం. మెత్తటి మాంసం, తేలిగ్గా అరుగుతుంది, పత్యం పేరుతో అన్నీ మాన్పించిన ఇంట్లో బాలింతకు దక్కే ఒకే ఒక బలమైన కూర అదే కావచ్చు. అది తిన్నాక ఆమె తేరుకుంటే ఆశ్చర్యం లేదు. అయితే సొర వేటాడి తినే చేప. కింది చేపల్లోని పాదరసమంతా దాని ఒంట్లో పోగవుతుంది, పెద్దదయ్యే కొద్దీ పెరుగుతుంది. గర్భిణులూ పాలిచ్చే తల్లులూ సొర తినొద్దని అమెరికా ఆహార నియంత్రణ సంస్థ చెబుతోంది. పాల సొర చిన్న జాతే అయినా రోజూ పెట్టే చేప కాదు. అదే వెల్లుల్లితో, అదే పద్ధతిలో కానాగంతల్ని పొడిగా వేపి పెడితే బాలింతకు బలమూ వస్తుంది, పాదరసం భయమూ తగ్గుతుంది. బీపీ ఉన్న గర్భిణికి ఎండు చేప వద్దు, ఉప్పు మరీ ఎక్కువ.

నొప్పులు, బొడ్డుతాడు

మామూలు కాన్పు జరగాలంటే నొప్పుల్లో ఉన్న మనిషిని మంచానికి కట్టేసినట్టు పడుకోబెట్టకూడదు. అటూ ఇటూ నడవనివ్వాలి, కూర్చోనివ్వాలి, నచ్చిన పక్కకు తిరగనివ్వాలి, ఆమెకు ధైర్యం చెప్పే ఒక ఆడమనిషి పక్కన ఉండాలి. పక్కన తోడున్న వాళ్ళకు సిజేరియన్లు తగ్గుతాయని ఎన్నో దేశాల్లో చేసిన అధ్యయనాలు చెబుతున్నాయి. పాతకాలంలో మంత్రసాని చేసినవాటిలో బొడ్డుకు బూడిద పూయడం లాంటివి ప్రాణాలు తీశాయి. వదలకుండా పక్కనే ఉండటం మాత్రం ఆసుపత్రులు ఆమె నుంచి తీసుకోవలసిన గుణం. గర్భసంచి ముఖం గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోకపోతే కాన్పు ఆగిపోయినట్టేనన్న పాత లెక్కను 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పక్కన పెట్టింది. తొలి కాన్పు నెమ్మదిగా సాగడం లోపం కాదు. ముహూర్తం చూసి బిడ్డను కోసి తీయించే ఇళ్ళు సహజ కాన్పు గురించి మాట్లాడటంలో అర్థం లేదు. నెలలు నిండకముందు తీసిన బిడ్డకు ఊపిరి అందక ఇబ్బంది రావచ్చు, ఆ జాతకానికి ఆ కష్టం ముందే రాసి ఇచ్చినట్టవుతుంది.

నొప్పులు రావాలని ఆముదం తాగించడం వద్దు. దాంతో విరేచనాలై ఒంట్లో నీరంతా పోతుంది.

బిడ్డ పుట్టగానే జరగాల్సిన ఒక చిన్న పని గురించి ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవడం మంచిది. బొడ్డుతాడును వెంటనే బిగించకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగితే మాయలోని రక్తం బిడ్డకు చేరుతుంది. అందులోని ఇనుము తర్వాతి నెలల్లో బిడ్డకు నిల్వగా ఉంటుంది. సగానికి పైగా గర్భిణులు రక్తం తక్కువగా ఉన్న చోట ఇంత పెద్ద మేలు ఇంత చిన్న ఓపికతో దొరుకుతుంటే, చాలా కుటుంబాలకు దీని ఊసే తెలియదు. బిడ్డకు వెంటనే వైద్యం అవసరమైన సందర్భాలు వేరు, అక్కడ డాక్టరుదే నిర్ణయం. బొడ్డుకు పసుపు, బూడిద, నూనె ఏదీ పూయకూడదు, పొడిగా వదిలేయడమే వైద్యం. పుట్టిన పిల్లల్ని చంపే ధనుర్వాతం దేశంలో దాదాపు లేకుండా పోయిందని 2015లో ప్రకటించగలిగామంటే కారణం గర్భిణికి వేసిన టీకా, ఆసుపత్రి కాన్పు, శుభ్రమైన బ్లేడు.

పత్యం

పత్యంలో మంచి లేకపోలేదు. నెల రోజులు ఇంటి పని నుంచి విడుపు, పుట్టింటి తోడు, వేడి తిండి, ఒంటికి నూనె మర్దన: తల్లి మనసుకీ శరీరానికీ ఇంత మేలు చేసే ఏర్పాటు ఇంకెక్కడా దొరకదు. కాన్పు తర్వాత వచ్చే దిగులుకు నిద్ర, తోడు రెండూ మందే. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము దంచి బెల్లం, నెయ్యితో చేసిన కాయం ఉసిరికాయంత తింటే తప్పు లేదు, ఆకలి పుట్టిస్తుంది. చెవుల్లో దూది పెట్టుకున్నా నష్టం లేదు.

కష్టమంతా కోతతోనే. వెల్లుల్లి కారం, చింతకాయ పచ్చడితో రెండు ముద్దలు, పప్పు వాతం, వంకాయ దురద, పెరుగు జలుబు, పండ్లు చలవ. ఇలా తీసేస్తూ పోతే కంచంలో మిగిలేది తెల్లన్నం, కారం. జాతీయ పోషకాహార సంస్థ లెక్క చూడండి. గర్భిణికి మామూలు కంటే రోజుకు 350 కిలోక్యాలరీలు ఎక్కువ కావాలి. మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి 600 ఎక్కువ కావాలి. కాన్పుకు ముందు కంటే కాన్పయ్యాకే ఆకలి, అవసరం రెండూ ఎక్కువ. ఇంట్లో సీమంతానికి అయిదు రకాల అన్నాలు వండి, బాలింతకు కారం ముద్ద పెడతారు. పాలలో వెళ్ళే కాల్షియం తిండిలోంచి రాకపోతే తల్లి ఎముకల్లోంచి వెళుతుంది.

నీళ్ళ కోత ఇంకా బాధాకరం. నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందనీ, కుట్లు మానవనీ, బిడ్డకు జలుబు చేస్తుందనీ గుక్కలు లెక్కపెట్టి ఇస్తారు. రోహిణి కార్తెలో, తలుపులు మూసిన గదిలో, పక్కన సాంబ్రాణి కుంపటితో. ఎక్కువ నీళ్ళు తాగినంత మాత్రాన పాలు ఎక్కువ పడతాయని కాదు. దాహం చంపుకుంటే మలబద్ధకం, మూత్రంలో మంట, కుట్ల దగ్గర నొప్పి వస్తాయి. కళ్ళు తిరుగుతాయి. పొట్ట పెరగడానికి కారణం సాగిన కండరాలు, అవి కోలుకోవడానికి నెలలు పడుతుంది, నీళ్ళ తప్పేమీ లేదు. దాహమైనప్పుడల్లా తాగనివ్వాలి, పాలివ్వడానికి కూర్చున్నప్పుడల్లా ఒక చెంబు పక్కన పెట్టాలి. మంచం దిగనివ్వకపోవడం కూడా మంచిది కాదు, కదలకుండా ఉంటే కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. సిజేరియన్ అయినవాళ్ళకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

బిడ్డ నోట్లోకి మొదట వెళ్ళేది

ముర్రుపాలు పసుపచ్చగా, చిక్కగా, కొద్దిగానే వస్తాయి. ఆ కొద్దితనమే భయపెడుతుంది. పాలు పడలేదని చెప్పి సీసా పట్టిస్తారు. పుట్టిన రోజు బిడ్డ కడుపుకు ఒక్కో తడవకు ఒకటి రెండు చెంచాలు సరిపోతాయి. ఆ చెంచాడు పాలలో బిడ్డ పేగులకు రక్షణ కవచంలా నిలిచే పదార్థాలుంటాయి, తర్వాత వచ్చే పాలలో అవి అంత చిక్కగా ఉండవు. ఘానాలో జరిగి 2006లో వెలువడిన అధ్యయనం ప్రకారం, బిడ్డలందరికీ పుట్టిన గంటలోపే తల్లి పాలు పడితే నెలలోపు శిశు మరణాల్లో 22 శాతం దాకా తప్పించవచ్చు. వెన్నుకు మత్తు ఇచ్చి సిజేరియన్ చేసిన తల్లి కూడా పక్కన సాయం ఉంటే ఆ గంటలోనే పట్టగలదు.

పాలు ఎంత తాగితే అంత ఊరతాయి. బిడ్డకు వేరే ఏది పట్టినా ఆ తడవ రొమ్ము పట్టడం తగ్గుతుంది, ఊరేవి తగ్గుతాయి, చాలట్లేదన్న మాట నిజమవుతుంది. పాలు చాలట్లేదని చెప్పే ఇళ్ళల్లో చాలాచోట్ల కథ ఇదే. చాలుతున్నాయో లేదో తెలుసుకోవడానికి ఏడుపు కొలత కాదు. అయిదో రోజు దాటాక బిడ్డ రోజుకు ఆరు సార్లకు పైగా మూత్రం పోస్తుంటే, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు చేరుకుంటే పాలు చాలుతున్నట్టే. ఎండాకాలమైనా బిడ్డకు విడిగా నీళ్ళు అక్కర్లేదు, తల్లి పాలలో 88 శాతం నీళ్ళే.

ఫ్లోరైడ్ ఊళ్ళకు ఈ మాట రెట్టింపు వర్తిస్తుంది. తల్లి తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్నా ఆమె పాలలోకి చేరేది అతి స్వల్పం. అదే ఊళ్ళో పాలపొడిని బోరు నీళ్ళతో కలిపితే బిడ్డకు పట్టే ప్రతి చుక్కతో ఫ్లోరైడ్ వెళుతుంది. ఆరు నెలల పాటు ఆ బిడ్డను కాపాడగలిగేది తల్లి పాలే.

ఇక బజారు నుంచి వచ్చేవి. గాడిదను వీధుల్లో తిప్పుకుంటూ వస్తారు, వాకిట్లోనే పితికి ఉగ్గుగిన్నెలో పోస్తారు. గట్టి ధరే పలుకుతుంది. ఆయాసం రాదని, గొంతు బాగుంటుందని పట్టిస్తారు. గాడిద పాలలో మాంసకృత్తులు, చక్కెర పాళ్ళు తల్లి పాలకు కొంత దగ్గరగా ఉంటాయి, కొవ్వు మాత్రం చాలా తక్కువ. అసలు చిక్కు అవి పచ్చిపాలు కావడం. పశువు నుంచి, పితికిన చేతి నుంచి, గిన్నె నుంచి వచ్చే క్రిములు నేరుగా నాలుగు రోజుల పసికందు పేగుల్లోకి పోతాయి. ఆయాసం తగ్గుతుందనడానికి రుజువు లేదు. ఆయాసపడుతున్న పసిబిడ్డకు కావలసింది ఆసుపత్రి.

ఏడాది నిండే దాకా తేనె నాలుకకు రాయకూడదు. తేనెలో ఉండగల ఒక రకం బ్యాక్టీరియా బీజాలు పసిపేగులో మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి, కండరాలు వాలిపోతాయి, ఊపిరి ఆగే దాకా పోవచ్చు. శుద్ధమైన అడవి తేనె అయినా అంతే. వస అరగదీసి నాకిస్తే మాటలు త్వరగా వస్తాయనడానికి ఆధారం లేదు, వాంతులు అవుతాయి. మాటలు రావడానికి బిడ్డ ముఖంలోకి చూసి మాట్లాడే మనుషులు కావాలి. ఆముదంతో కడుపు శుభ్రం చేయక్కర్లేదు, ఆ పని ముర్రుపాలే చేస్తాయి.

అమ్మమ్మలు చేసే ఒక పని మాత్రం నూటికి నూరు పాళ్ళు నిలుపుకోవాలి. కాళ్ళు బారచాపి, బిడ్డను మోకాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, గోరువెచ్చటి కొబ్బరినూనెతో నెమ్మదిగా ఒళ్ళు రుద్దడం. నూనె చర్మానికి కాపు, ఒంటి వేడి నిలబడుతుంది, బిడ్డ హాయిగా నిద్రపోతుంది. బంగ్లాదేశ్‌లో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పొద్దుతిరుగుడు నూనె రాసి చూసిన పరీక్షలో ఇన్‌ఫెక్షన్లు తగ్గాయి. మర్దన అక్కడితో ఆపాలి. ముక్కులో నూనె చుక్కలు వేస్తే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, చెవుల్లోనూ వేయకూడదు. గొంతులో వేలు పెట్టి కఫం తీయడం, బిడ్డ రొమ్ములు పిండటం గాయాలకూ చీముకూ దారి. తొలి స్నానం ఒక రోజు ఆగి చేయించాలి, సాంబ్రాణి పొగ పసి ఊపిరితిత్తులకు వద్దు. బరువు తక్కువ పుట్టిన బిడ్డకు తల్లి గుండెలకు చర్మం తగిలేలా హత్తుకుని ఉంచడమే ఉత్తమ వైద్యం. 1970ల చివర్లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి ఇది. పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెడితే మరణాలు నాలుగో వంతు తగ్గాయని భారత్‌తో సహా అయిదు దేశాల్లో చేసిన అధ్యయనం 2021లో తేల్చింది.

పసికామెర్లకు పసరు పోయడం ఆపాలి. రోజుల పిల్లలు పచ్చబడితే లేత ఎండలో ఉంచడం పాత అలవాటు, దానిలో శాస్త్రం ఉంది. 1950లలో ఇంగ్లండులోని రోచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో జె. వార్డ్ అనే నర్సు పిల్లల్ని ఎండకు తిప్పుతూ, వెలుగు తగిలినచోట పసుపు తగ్గడం గమనించింది. ఇప్పటి నీలి లైట్ల వైద్యం అక్కడి నుంచే పుట్టింది. ఎండలో ఎంత వెలుగు తగిలిందో కొలవలేం, లైటుకైతే కొలత ఉంది. పుట్టిన తొలి రోజే పచ్చబడినా, పసుపు అరికాళ్ళ దాకా వచ్చినా, బిడ్డ మత్తుగా పడి ఉండి పాలు తాగకపోయినా లైటు కిందకు చేర్చాలి. ఆలస్యమైతే మెదడు దెబ్బతింటుంది. గర్భిణికి విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం ఉబ్బడం, రక్తస్రావం, కడుపులో కదలికలు తగ్గడం కూడా ఇంట్లో చూసుకునేవి కావు. 108కి ఫోన్ చేయాలి.

ఆరు నెలలు నిండాక వేయించిన బియ్యం, పెసరపప్పు పొడితో ఉగ్గు మొదలవుతుంది. బిడ్డ కడుపులోకి ఊరి నీళ్ళు మొదటిసారి దిగేది అప్పుడే. ఉగ్గు కాచే నీళ్ళు ఏవో ముందే తేల్చుకోవాలి. శుభ్రంగా కడిగిన ప్లాస్టిక్ సీసాను అదే బోరు నీళ్ళతో రెండు మూడు సార్లు తొలిచి, నింపి మూత బిగించి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో ఇస్తే ఫ్లోరైడ్ ఎంతుందో చెబుతారు. ఎక్కడ ఇవ్వాలో తెలియకపోతే పంచాయతీలో అడగొచ్చు. ఈ పరీక్ష ఆరో నెలలో కాదు, గర్భం నిలిచిందని తెలిసిన వారంలోనే చేయించాలి.